రాణి వేషానికి తీసిన మీసం

ఆళ్లగడ్డ రైతు శేషయ్య కొడుకు చెన్నకేశవులు నలుగురిలో నోరు మెదపడని పేరు. పొలంలోనైనా ఇంట్లోనైనా నాయన చెప్పింది చేసేవాడు, చెప్పనిది చేసేవాడు కాదు. అలాంటివాడికి నంద్యాల నాటక సమాజంలో రాణి వేషం దొరికింది. రిహార్సల్లో చీర కట్టి, సవరం పెట్టుకుని నిలబడితే గొంతు దానంతటదే లేచేది. మంత్రిని నిలదీసేవాడు, సేనాపతిని పొమ్మనేవాడు. ఇంట్లో ఉండేవాడు తను కాదని, ఈ రాణే తానని అతనికి గట్టిగా అనిపించేది. ఆ మాట ఎవరితోనూ అనలేదు. అంటే ఊళ్లో బతకనిస్తారా!

1954 శివరాత్రి నాటకం నాలుగు రోజులుందనగా సమాజం నడిపే హార్మోనియం సుందరరాజు తేల్చి చెప్పాడు.

"మీసమున్న రాణిని యాడన్నా చూసినావాప్పా? తీసేసి రా."

నంద్యాలలోనే తీయించుకుని రాత్రి ఆఖరి బస్సెక్కాడు. తండ్రి పోయినవాడు తప్ప ఇంకెవరూ మీసం తీయని సీమ అది. వేషం సంబరంలో అతనికి ఆ సంగతి గుర్తుకే రాలేదు. బస్సులో ఉన్న చాగలమర్రి మనిషికి మాత్రం గుర్తొచ్చింది. అడగడానికి నోరు రాక, నేరుగా పోయి తమ ఊళ్లోనే ఉండే చెన్నకేశవులు మేనత్త నరసమ్మకు చెప్పాడు.

తెల్లారేసరికి నరసమ్మ పదిమందిని వెంటేసుకుని దిగింది. "పోతివా అన్నా!" అని వీధి మొదట్నుంచే గుండెలు బాదుకుంటూ వచ్చింది. సంగటి తింటున్న శేషయ్య ఎంగిలిచేత్తోనే వాకిట్లోకి వచ్చాడు. వీధంతా పగలబడి నవ్వింది. శేషయ్య నవ్వలేదు.

"నేను సచ్చేదాకా ఆగలేకపోయినావా రా?" అన్నాడు కొడుకుతో. "నేనుండంగా ఇంగోసారి ఆ మూతి మీద కత్తి పడితే నా గడప తొక్కాకు."

రాణి వేషం ఇంకొకడికి పోయింది. చెన్నకేశవులు మీసం పెంచాడు, మడక దున్నాడు. సుందరరాజు జాలిపడి ఒకసారి భటుడి వేషమిచ్చాడు. ఈటె పట్టుకుని మాట్లాడకుండా నిలబడాలి. అదెటూ ఇంట్లో చేస్తున్న పనే కదా అని మళ్లీ ఆ వైపు పోలేదు.

ఐదేళ్లు గడిచాయి. 1959 కార్తీకంలో శేషయ్య జ్వరపడ్డాడు. చెన్నకేశవులు దగ్గరుండి చేసిన సేవకు ఎవరూ వంక పెట్టలేరు. తండ్రి పోయిననాడు నిజంగానే ఏడ్చాడు.

పదో రోజు వక్కిలేరు ఒడ్డున మంగలి మద్దిలేటి అతన్ని కూర్చోబెట్టి పైపెదవి తడిపాడు. చుట్టూ ఆడవాళ్లు శోకాలు తీస్తున్నారు. కత్తి రెండుసార్లు నడిచింది. ఉత్త పెదవికి ఏటిగాలి తగిలింది. అంతే, రాణి మొదటి మాట గొంతులోకి తన్నుకొచ్చింది. చెన్నకేశవులు పళ్లు బిగించి దాన్ని ఆపాడు. తన మీద తనకే రోత పుట్టింది. అయినా లోపలి సంబరం తగ్గలేదు. భుజాలు అదురుతున్నాయి.

నరసమ్మ వచ్చి వీపు నిమిరింది.

"ఏడ్సు నాయనా, కడుపారా ఏడ్సు. నీ మాదిరి కొడుకు ఎవరికుంటాడు?"

అతను తల వంచుకునే ఉన్నాడు. ఎత్తితే మొహంలోని సంతోషం అందరికీ కనబడిపోతుంది.