అక్క పంటి సందు

మా అక్క నవ్వితే వీధి చివరిదాకా వినబడేది. వినబడడమే గానీ కనబడేది కాదు. ఇరవై రెండో ఏట పై వరుసలో ముందు పన్ను ఒకటి పుచ్చిపోయి తీసేశారు. అప్పటినుంచి నవ్వొస్తే చాలు, చెయ్యి నోటికి అడ్డం వెళ్లిపోయేది. కుట్టుమిషను తొక్కి తొక్కి నన్ను పెంచిందీ, పళ్ల సెట్లు చేసే ల్యాబులో పనికి పెట్టిందీ తనే.

నలభై ఆరేళ్లకు ఉన్నట్టుండి పన్ను పెట్టించుకుంటానంది.

"చోటేదమ్మా పెట్టడానికి?" అన్నాడు డాక్టరు. "అటూ ఇటూ పళ్లు జరిగి సందు మూసేశాయి. ముందు తీగలు కట్టి వాటిని పక్కకు జరపాలి. ఎముకలో స్క్రూ దించి దాని మీద పన్ను బిగించడం ఆ తర్వాతే."

పద్నాలుగు నెలలు తీగలు! బిగించిన రోజల్లా దవడ పట్టుకుని కూర్చునేది.

"ఈ వయసులో నీకీ సోకులేంటే?" అనేవాడు బావ.

"మీకేం! నవ్వినా ఏడ్చినా ఒకటే మొహం" అనేది అక్క.

ఎట్టకేలకు ఏడు మిల్లీమీటర్ల చోటొచ్చింది. తీగలు విప్పేశారు. స్క్రూ వేసేదాకా సందు మూసుకోకుండా ఉత్తుత్తి పన్నున్న ప్లేటు ఒకటి నేనే చేసిచ్చాను. దారం పంటితో కొరక్కు తల్లీ, కత్తెర ఉంది కదా అని నెత్తీ నోరూ కొట్టుకుని చెప్పాను. ముప్పై ఏళ్ల అలవాటు ఊరుకుంటుందా? నాలుగో రోజు పొద్దున్నే విరిగిన ప్లేటు గుండీల డబ్బాలో పెట్టుకుని ల్యాబుకొచ్చింది.

"ఎప్పుడిస్తావురా?"

"రేపు."

మా ల్యాబులో ప్రతి పనికీ తేదీ వేసిన చీటీ ఉంటుంది. ఇంటివాళ్ల పనికి మాత్రం రాయం, మనవాళ్లే కదా అని. చీటీ లేని డబ్బా అలమరలో అలాగే ఉండిపోయింది. అక్క రెండుసార్లు ఫోన్ చేసింది.

"ఏంటక్కా నీ గోల! సందు ఎక్కడికైనా పారిపోతుందా?" అని కసిరాను.

పారిపోతుంది. నాకు తెలియకనా? బయటికి పంపే ప్రతి ప్లేటు డబ్బా మీదా 'ఒక్క రోజు కూడా తీయకూడదు' అని రాసేది నేనే.

పందొమ్మిదో రోజు అతికించి తీసుకెళ్తే ప్లేటు పట్టలేదు. డాక్టరు కొలిచాడు. ఐదే ఉంది. స్క్రూకి చాలదు, మళ్లీ ఆరు నెలలు తీగలు కట్టాలన్నాడు.

"ఇక నా వల్ల కాదు డాక్టరుగారూ" అని అక్క కుర్చీ దిగేసింది. ఎంత బతిమాలినా వినలేదు.

మెట్ల మీద నాకు ఏడుపు ఆగలేదు. "చెప్పుతో కొట్టక్కా నన్ను."

"ఊరుకోరా, పిచ్చి సన్నాసీ! నీ లెక్కలో రేపంటే ఎన్ని రోజులో ముందే అడగాల్సింది" అని నవ్వింది, చెయ్యి అడ్డం పెట్టుకుని.

ఇప్పుడు ఇంటివాళ్ల పనికీ చీటీ రాస్తున్నాను. ఏం లాభం?

మొన్న బావ మాటల్లో అన్నాడు. "ఆ ప్లేటున్న మూడు రోజులూ మీ అక్క చెయ్యి అడ్డం లేకుండా నవ్విందిరా. ఎంత బావుందనుకున్నావు!"

ఆ మూడు రోజులూ నేను ల్యాబులోనే ఉన్నాను.