బంగారు జింక నా గొంతుతో పిలిచిన రోజు

2004 వేసవిలో నన్ను ములకలపల్లి రేంజికి వేశారు. రేంజి ఆఫీసరంటే అడవికి తహసీల్దారు లాంటివాడు. కింద సెక్షన్ ఆఫీసర్లు, వాళ్ళ కింద బీట్ గార్డులు. నేను వెళ్ళేసరికి సారపాక కాగితం మిల్లుకు వెదురు నరికే కూలీలు అడవిలో అడుగు పెట్టడం మానేశారు. అక్కడ బంగారు జింక తిరుగుతోందట.

ఎండదెబ్బ అనుకున్నాను. మర్నాడు పొద్దున అది మా క్వార్టర్స్ కంచె పక్కనే మేస్తోంది. ఒళ్ళంతా మేలిమి బంగారం, మీద వెండి చుక్కలు! వన్యప్రాణి ఊరి దగ్గరికొస్తే లోపలి అడవిలోకి తోలి రావాలి. బంగారానిదని మినహాయింపు లేదు.

గార్డు భద్రయ్య నా కాళ్ళు పట్టుకున్నంత పని చేశాడు. "సార్, దాని ఎంట పోకున్రి. మీరటు పోంగనె ఇటు అమ్మగారిని ఎవడో ఎత్తుకపోతడు. గీ కథ మా ఊర్ల చిన్నపోరగాళ్ళకు గూడ ఎర్కే."

అయితే నువ్విక్కడే కాపలా ఉండవయ్యా అన్నాను.

"కథల గూడ గట్లనే అన్నరు సార్," అని గొణిగాడు.

జింక నన్ను వాగు దాటించి, తునికి చెట్ల మధ్య ఆగి, వెనక్కి తిరిగి, అచ్చం నా గొంతుతో అరిచింది: "సుగుణా! భద్రయ్యా! చచ్చిపోతున్నా!"

నా పైప్రాణాలు పైనే పోయాయి. ఆ కేకకు మా ఆవిడ గడప దాటిందంటే ఇక అంతే సంగతులు. నా బానపొట్టతో అంత వేగంగా నేనెన్నడూ పరిగెత్తలేదు.

తీరా చూస్తే ఆవిడ వరండా గ్రిల్లుకు తాళం వేసుకుని, లోపల చిక్కుడుకాయలు ఒలుస్తోంది. జరిగిందంతా భద్రయ్య చెప్పాడు. కేక వినగానే అతను కర్ర అందుకుని ఉరకబోతే ఆవిడ ఆపిందట. "కూర్చోవయ్యా! పెళ్ళయినప్పటి నుంచీ ఆయన నన్ను 'ఇదిగో' అనడమే గాని, పేరు పెట్టి పిలిచిన పాపాన పోలేదు. చచ్చేటప్పుడు మాత్రం పిలుస్తారా?"

అంతలో కాషాయం కట్టిన సన్యాసి ఒకడు వచ్చి, బయటికొచ్చి భిక్ష వెయ్యమన్నాడట. ఆవిడ గ్రిల్లు సందులోంచే గిన్నె చాపింది. వాడు మండిపడి పది తలలూ బయటపెట్టాడు. "ఇంతమందికి నేనొక్కదాన్ని ఎక్కడ వండను నాయనా? పక్కూరికి పో," అందట. పోయాడు.

అడవి ఉద్యోగంలో గొంతును బట్టి మనిషిని పోల్చకూడదు, అలవాటును బట్టి పోల్చాలి. తర్వాత చేరిన గార్డులందరికీ నేనిదే చెప్పాను. ఆ సాయంత్రం మాత్రం, ఇంత తెలివైన ఇల్లాలు కదా అని మనసు కరిగి, వాకిట్లో నిలబడి మొదటిసారిగా "సుగుణా" అని పిలిచాను.

ఆవిడ గబగబా వచ్చి గ్రిల్లుకు రెండో తాళం కూడా వేసింది.