బూటుపాలీసు పూసిన కారు

బీయే పాసైతినని చెప్పనీక నాయన దగ్గరికి పరిగెత్తినా. ఆయన రెడ్డిగారి కారు డ్రైవరు. షెడ్డులో గుప్పున బూటుపాలీసు వాసన!

చిన్నప్పుడు, రెడ్డి కొడుకు పెండ్లికని, బేతంచెర్ల రాళ్లదుమ్ముకు తెల్లబడిన ఆ నల్లకారుకు నాయన బూటుపాలీసు పూసి మెరిపించె. లోపల నేను కూచోనుంటి.

"ముట్టుకోవద్దు మ్మా, మరక పడితే నా పని పోతాది" అని తలుపేసి పూలదండలు తేను పోయె.

తలుపు లోపలి పిడి గూడా ముట్టుకోకూడదేమో అనుకొని, ఆ ఎండకు ఊపిరాడకున్యా చేతులు ఒళ్లోనే పెట్టుకోని కూచున్యా.

నాయనొచ్చి తలుపు పెరికి తీసె. "పిచ్చిదానా, లోపల పూసినానా? బయటికి రాకపోతివా!" ఎత్తుకునే తొందరలో తలుపు మీద ఆయన చేతిగుర్తే పడె.

ఈ పొద్దు వార్త ఇనంగానే నాయన నల్లచేతులు ఎనక్కి దాచుకున్యాడు.

"దగ్గరికి రావద్దు మ్మా, చీరకు మరక పడతాది!"

ఈసారి నేను ఆ మాట ఇనలే.