నీళ్లలో లేని నొప్పి

అందరూ అతన్ని చేప అనేవాళ్లు. ఓడల అడుగున పట్టిన నాచూ గుల్లలూ గీకే ముఠాకి పెద్ద. ఓడ మెట్ల మీంచి జారి నడుం విరగ్గొట్టుకున్నాక, చెప్పులు తొడుక్కోవడానికి కూడా భార్య చెయ్యి కావలసిన చేప. అయినా ఆశ చావదు కదా! సరైన సామాను దొరికితే మళ్లీ మునగొచ్చని భార్యనీ, నీళ్లలో తనకి జోడీగా ఉండే బామ్మర్దినీ వెంటబెట్టుకుని డైవింగ్ సామాన్ల కొట్టుకొచ్చాడు.

"తేలికపాటి సిలిండరు చూపించు."

కొట్టతను ఒకటి తీశాడు. "ఇది లోపల గాలి అయిపోయేకొద్దీ పైకి తేలుతుందన్నా. మునిగుండాలంటే నడుముకి ఇంకాస్త సీసం బరువు కట్టాలి."

వీపు మీంచి దించిన బరువు నడుముకి కట్టాలన్నమాట. ఏ రాయైతేనేం పళ్లూడగొట్టుకోడానికి!

ఎన్నో విప్పి, తొడిగి, చివరికి సీసం దిమ్మలు పక్క జేబుల్లో ఇమిడే జాకెట్టు ఒకటి కుదిరింది. కొట్టు వెనకాల సామాను పరీక్షించుకునే లోతైన తొట్టి ఉంది. అందులోకి దిగాడు.

నొప్పి లేదు. బొత్తిగా లేదు. అడుగున పిల్లిమొగ్గ కూడా వేశాడు పిచ్చివాడు.

గట్టు మీద భార్య బుడగల్నే చూస్తోంది. "ఎంతసేపట్రా, ఇంకా రాడేం?"

"ఉండనీ అక్కా, ఎన్నాళ్లకి నవ్వుంటాడో," అన్నాడు తమ్ముడు.

అసలు పరీక్ష నిచ్చెన దగ్గరుంది. ఒంటి మీది బరువుతో నిచ్చెన ఎక్కలేనివాడు మునగకూడదని ముఠాలో కట్టుబాటు. అడుగున జోడీవాడు సొమ్మసిల్లితే పైకి మొయ్యాల్సింది ఆ వీపే. ఆ కట్టుబాటు పెట్టింది చేపే. దాంతో ఎందరినో ఇంటికి పంపాడు కూడా, బతిమాలినా వినకుండా.

మొదటి మెట్టెక్కాడు. రెండోది ఎక్కేసరికి నీళ్లు నడుం దిగాయి, బరువు నడుం మీద పడింది. ప్రాణం కళ్లలోకొచ్చింది. చేతులు వదిలేసి వెనక్కి పడిపోయాడు.

"సామాను నీళ్లలోనే విప్పి అందించన్నా, సరదాకి మునిగేవాళ్లంతా అంతే చేస్తారు," అన్నాడు కొట్టతను.

బామ్మర్ది వంగి గుసగుసలాడాడు. "ఇవ్వు బావా, నేను లాగుతా. మనవాళ్లెవరికీ చెప్పన్లే."

చేప తేలుతూ వాడి మొహంలోకి చూశాడు. నీళ్లలో పుట్టినట్టు ఈదే కుర్రాడు. తను నేర్పిన ఈతే.

"నువ్వు అడుగున పడిపోతే నిన్నెవడు లాగుతాడ్రా?"

అక్క మొహం పక్కకి తిప్పుకుంది.

చేప కట్లు ఒక్కొక్కటే విప్పి జాకెట్టు అందించాడు. "నీకు సరిపోతుందేమో చూడు. మంచిది. నడుం జాగ్రత్త."

తర్వాత తల నీళ్లలోకి ముంచేశాడు, ఊపిరి బిగబట్టగలిగినంతసేపు నొప్పి లేకుండా ఉందామని.