దురదమందు అని చెప్పాను

మా పాపకు నాలుగో నెలలోనే మూర్ఛ మొదలైంది. ఒళ్లు బిగుసుకుపోయేది, కళ్లు పైకి తేలిపోయేవి. కొన్ని రోజులైతే ఎన్నిసార్లు వచ్చిందో లెక్క పెట్టడం కూడా మానేసేవాళ్లం. చాలా అరుదుగా పిల్లలకు వచ్చే రకమని నంద్యాలలో డాక్టరు చెప్పాడు. ఆరేళ్లు వచ్చేసరికి ఎన్నో మందులు మార్చాం. నోట్లో పోసిందల్లా సగం కక్కేసేది.

ఆ డాక్టరే మమ్మల్ని బెంగళూరులో ఒక ఆస్పత్రికి పంపించాడు. అక్కడ ఒక కొత్త మందును పరీక్షిస్తున్నారు. మింగే పని లేదు. జెల్‌లాగా ఉంటుంది. పొద్దున, సాయంత్రం రెండు భుజాల మీద రుద్దితే చర్మం గుండా రక్తంలోకి దిగుతుంది. పూశాక కొన్ని గంటలు నీళ్లు తగలకూడదు. దాన్ని గంజాయి మొక్క నుంచి తీస్తారనీ, మత్తు కలిగించే గుణం అందులో ఉండదనీ, నయమవుతుందని మాట మాత్రం ఇవ్వలేమనీ అక్కడి డాక్టరమ్మ ఓపిగ్గా చెప్పింది. ఇన్ని మాటల్లో నాకు ఒక్కటే పట్టుకుంది, గంజాయి.

మాది ఆళ్లగడ్డలో బట్టల అంగడి. మా తాత పెట్టింది. శెట్టి బిడ్డకు గంజాయి పూస్తాన్నాడంట అని బజారులో ఒక్కరు అంటే చాలు, సాయంత్రానికి కోయిలకుంట్ల దాకా పోతుంది. కాబట్టి ఇంట్లో మా ఇద్దరికి తప్ప ఎవరికీ తెలియకూడదని నా భార్యతో అన్నాను.

"పాపను చూసుకునే అక్కకన్నా చెప్పల్ల గదా," అంది తను.

"వద్దు. దురదమందు అని చెప్దాం."

ఆ అక్క పక్క పల్లె నుంచి వచ్చేది. యాభై దాటిన మనిషి. ఆదివారం చర్చికి పోవడం తప్ప ఇంకొక నాగా తెలియదు ఆమెకు. పాప పుట్టినప్పటి నుంచి ఆమె చేతుల్లోనే పెరిగింది. మూర్ఛ వస్తే ఎలా పక్కకు తిప్పి పడుకోబెట్టాలో మాకంటే ముందు నేర్చుకుంది.

మొదటి రెండు నెలలు నా భార్యే మందు పూసింది. మూర్ఛలు తగ్గాయి. ఒక వారంలో మూడు రోజులు అసలు రాలేదు. ఆ తర్వాత పెళ్లిళ్ల కాలం వచ్చి అంగట్లో తన అవసరం పడింది. పొద్దున పూత అక్కకు అప్పగించాం. నెల తిరగకముందే మూర్ఛలు మళ్లీ ఎక్కువయ్యాయి.

ఒకరోజు మధ్యాహ్నం పాప మూర్ఛ వచ్చి అంగడి మెట్ల మీద పడింది. పెదవి చీలి గౌను ముందంతా రక్తం. అక్క పాపను ఎత్తుకుని లోపలికి వచ్చింది. చీరలు చూస్తున్న ఆడవాళ్లు, గుమాస్తా, పక్క అంగడాయన, అందరూ ఉన్నారు.

"నీ ధ్యాస యాడుంది? బిడ్డను చూసుకోమంటే నిద్ర పోతాండావా?" అన్నాను. ఇంకా చాలా అన్నాను. అవి రాయలేను.

ఆమె పాప మూతి తుడిచి, నా భార్య చేతికిచ్చి, చెప్పులు వేసుకుని వెళ్లిపోయింది.

మరుసటి రోజు నంద్యాల వెళ్లాం. డాక్టరు మందు ఎవరు పూస్తున్నారు, ఎప్పుడు పూస్తున్నారు అని ఒక్కొక్కటే అడిగాడు. నా భార్య చెప్పింది. "పొద్దున్నే బిడ్డను చూసుకునే ఆమె పూస్తాది సార్. అయినాంక నీళ్లు పోస్తాది."

డాక్టరు తలెత్తాడు. "పూశాక స్నానమా? నీళ్లు తగలకూడదని ఆమెకు చెప్పలేదా?"

చెప్పలేదు. దురదమందుకు అంత జాగ్రత్త ఎందుకని ఆమె అడిగితే ఏం చెప్పాలో తెలియక ఆ మాటే ఎత్తలేదు. ఎండాకాలం, బిడ్డ ఒళ్లు జిడ్డుగా ఉందని ఆమె రోజూ శుభ్రంగా సబ్బు పెట్టి కడిగింది.

"చెప్పినా సార్. ఆమె మర్చిపోయింటాది," అన్నాను నేను.

నా భార్య నా ముఖం చూసింది. తిరుగు బస్సులో ఆళ్లగడ్డ వచ్చే దాకా కిటికీ వైపే తిరిగి కూర్చుంది. దిగాక ఒక్క మాట అంది. "ఆయమ్మ దగ్గరికి నువ్వే పో. నేను రాను."

వెళ్లాను. ఆమె ఇంటి ముందు శనగలు చెరుగుతోంది. జరిగిందంతా చెప్పాను, మందు దేంతో చేస్తారో కూడా. చేట ఆపకుండానే విన్నది.

"నాకు చెప్తే ఊరంతా చాటిస్తా అనుకుంటివా అప్పా?"

నేను తల వంచుకున్నాను.

"దురద యాడుందా అని దినామూ బిడ్డ ఒళ్లంతా చూస్తాంటి. ఒక్క పొక్కన్నా లేకపాయె. శెట్టి చెప్పినాడు గదా, ఉంటాదిలే అనుకుంటి." చేట కింద పెట్టింది. "అంగట్లో అందరి ముందర అంటివి. ఈడకొచ్చి ఒక్కనివే చెప్తాండావ్."

అందరికీ చెప్తానన్నాను.

నాలుగు రోజులకు ఆమె వచ్చింది. పాప కోసం వచ్చిందని ముందే చెప్పింది. ఇప్పుడు స్నానం ముందు, పూత తర్వాత. మూర్ఛలు పూర్తిగా పోలేదు, వారానికి ఒకటో రెండో వస్తున్నాయి. ఇన్నాళ్లూ మాటలు రాని పాప ఇప్పుడు "అక్క" అనే మాట పలుకుతోంది.

ఆ రోజు అంగట్లో ఉన్నవాళ్లలో గుమాస్తాకు, పక్క అంగడాయనకు తప్పు నాదని చెప్పాను. చీరలు కొనడానికి వచ్చిన ఆడవాళ్లు ఆ తర్వాత రెండుసార్లు వచ్చారు. బట్ట కొలిచి ఇచ్చి పంపించాను. నంద్యాల డాక్టరుకు ఇంతవరకు చెప్పలేదు. ఆయన పుస్తకంలో అక్క మర్చిపోయిందనే ఉంది.