కిల్టు గురించి నేను కల్పించిన వాక్యం

నాంపల్లి స్టేషను ఎదుటి సందులో, టాంగాలు నిలిచే చోటికి దగ్గరలో, ఒక దర్జీ దుకాణం ఉండేది. పోలీసు చర్య జరిగి మూడేళ్లు కావస్తున్న రోజులవి. నేను ఆబిడ్స్‌లోని ఒక తెలుగు దినపత్రికలో కొత్తగా చేరిన విలేకరిని. చొక్కాల కాలర్లు తిప్పి కుట్టించుకోవడానికి మొదటిసారి అక్కడికి వెళ్లాను. దర్జీకి అరవై ఏళ్లుంటాయి. బడిపిల్లల నిక్కర్లు, గుమాస్తాల పైజామాలు కుట్టేవాడు. అంతకుముందు చాలా ఏళ్లు తిరుమలగిరి బ్యారక్‌లలో స్కాట్లాండు పటాలాలకు కిల్టులు, అంటే మగవాళ్లు నడుము నుంచి మోకాళ్ల దాకా కట్టుకునే మడతల గళ్లబట్టలు, కుట్టాడన్న సంగతి టాంగావాళ్ల వేళాకోళం వల్ల తెలిసింది.

"మాస్టర్, గా తెల్లోళ్లు గాగ్రా లోపల ఏం తొడుగుతుండిరి?"

"నేను నడుము కొలత తీసుకున్న. లోపలి ముచ్చట వాళ్లనే అడుగు, పో," అన్నాడాయన దారం పళ్లతో తెంపుతూ.

ఎంత ఎగతాళి చేసినా నవ్వేవాడు కానీ, కిల్టును గాగ్రా అంటే మాత్రం ఒప్పుకునేవాడు కాదు. "గాగ్రా కుచ్చులు నాడ గుంజితె పడతయి. దీనికి ఒక్కొక్క మడత కొలిచి కుట్టాలె బిడ్డా. ఎనిమిది గజాల ఉన్నిగుడ్డ. ముంగట చదును, మడతలన్ని ఎనుక."

మామూలు మనుషుల కిల్టుకు మడతలు పెట్టినా గుడ్డ మీది గళ్లు చెదరకూడదట. పటాలం కిల్టు పద్ధతి వేరు. ప్రతి మడత మీదా ఒకే రంగు చార పడాలి. సిపాయి నిలబడితే వెనుక ఆ చారలే వరుసగా కనిపిస్తాయి, నడిస్తే లోపలి రంగులు మెరిసి మాయమవుతాయి. వెనుక నుంచి చూసే అది ఏ పటాలమో చెప్పేవాణ్నని ఆయన అన్నాడు.

నేను గ్రంథాలయంలో కూర్చుని మరికొంత చదివాను. స్కాట్లాండు కొండవాళ్లు తిరగబడ్డారన్న కోపంతో వాళ్ల సొంత కొండల్లో ఆ బట్ట కట్టరాదని నిషేధించిన బ్రిటిష్ ప్రభుత్వమే, తన సైన్యంలో చేరినవాళ్లకు మాత్రం అదే బట్ట కట్టించి సముద్రాల అవతలకు పంపింది. కెనడాకు, ఆస్ట్రేలియాకు, దక్షిణాఫ్రికాకు వలసపోయిన వాళ్ల సంతతి అక్కడ కూడా పటాలాలు పెట్టుకుని అవే గళ్లు కట్టింది. ఇదంతా దర్జీకి చెబితే ఆయన తల ఊపాడు. "తాతలు ఊరిడిచి పోయిన్రు. గుడ్డ ఇడువలే. అంతే గదా?"

ఆ రోజుల్లోనే ఒక సర్కారు బ్యాండులో తోలుతిత్తి ఊది వాయించే బ్యాగ్‌పైపుల వాళ్లను చేర్చి, వాళ్లకు కిల్టులు కుట్టించాలన్న ఆలోచన అధికారులకు వచ్చింది. ఆ పని తనకిమ్మని లక్డీకాపూల్‌లోని సర్కారు దఫ్తరులో దర్జీ అర్జీ పెట్టుకున్నాడు. ఆయన పనితనం ఎరిగిన దొరలు దేశం విడిచి పోయారు. చూపడానికి కాగితం లేదు. పత్రికలో నాలుగు మాటలు వస్తే అర్జీకి జతచేస్తానన్నాడు.

"నిక్కర్లు కుట్టుకుంటనే పోతనేమో అనుకున్న బిడ్డా. చేతులు ఇంక మరువలే. ఒక్కపారి మళ్ల ఆ పని చెయ్యాలె నేను."

అలా అని ట్రంకుపెట్టె తెరిచి, వేపాకుల మధ్య నుంచి ఒక కిల్టు తీసి నా ఒళ్లో పెట్టాడు. ఎండాకాలంలో అంత బరువైన గుడ్డ ఎలా కట్టారో అనిపించింది. నడుము పట్టీ లోపల సైన్యపు ముద్ర, ఒక నంబరు ఉన్నాయి.

"ఒక సిపాయి నడుము వదులు చెయ్యమని ఇచ్చిండు. గంతల్నే యుద్ధం వచ్చింది, పటాలం పోయింది. నాలుగు కార్డులు రాయించిన. జవాబు లేదు."

"పన్నెండేళ్లయింది కదా కాకా, ఇంకా ఎందుకు?"

"అయితేంది? గుడ్డ ఆయనది. వస్తె ఇయ్యాలె గదా."

నేను వ్యాసం రాశాను. మడతల గురించి, చారల గురించి ఆయన చెప్పింది చెప్పినట్టు రాశాను. కానీ మరమ్మతుకు వచ్చిన బట్ట, జవాబు రాని కార్డులు నాకు చప్పగా తోచాయి. అందుకని ఇలా రాశాను: "పటాలం రైలెక్కిన రోజున, ఆ అందాన్ని విడవలేక, ఎవరికీ చెప్పకుండా ఒక కిల్టును చంకన పెట్టుకుని బ్యారక్ దాటి వచ్చాడీ కళాప్రియుడు." లంగాల మీద వ్యాసమా అని మొదట నవ్విన మా సబ్ ఎడిటర్, ఆ వాక్యం దగ్గర ఆగి, "ఇక్కడుందోయ్ ప్రాణం," అన్నాడు. ఆ మెప్పుకు పొంగిపోయాను. ముద్ర సంగతి, నంబరు కూడా వదలకుండా రాశాను.

అచ్చయిన మూడో రోజు దర్జీ మా ఆఫీసు మెట్లెక్కి వచ్చాడు. ఎవరో చదివి వినిపించారట.

"గిట్లని నేనెప్పుడు అన్న బిడ్డా? నేను ఎత్తుకొచ్చినట్టున్నది గదా ఇది?"

"మెచ్చుకుంటూ రాసిందే కాకా. ఎవరూ అలా అనుకోరు."

అనుకున్నారు. ఇళ్లలో సైన్యపు సామాను ఏమున్నా సర్కారు ఆరా తీస్తున్న కాలమది. ఆ సంగతి నగరంలో అందరికంటే ముందు విలేకరికి తెలియాలి. నాకు తెలుసు కూడా. వారం తిరక్కుండా ఒక జవాను వచ్చి కిల్టును తీసుకుపోయాడు. సంజాయిషీ చెప్పుకోమని దర్జీని, అర్జీ పెట్టిన ఆ దఫ్తరుకే పిలిచారు.

"నువ్వొచ్చి ఒక్క మాట చెప్పు. నేను గట్ల అనలేదని చెప్పు, చాలు."

వస్తానన్నాను. వెళ్లాను.

అధికారి మద్రాసు వైపు నుంచి వచ్చినవాడు, నెమ్మదస్తుడు. దర్జీ అర్జీకి నా వ్యాసం గుండుసూదితో గుచ్చి ఉంది. ఆ వాక్యం కింద ఎర్ర గీత ఉంది.

"ఇది మీరు రాసిందేనాండీ?"

"అవునండి."

"ఆయన చెప్పాడా, మీరు కల్పించారా?"

సూటిగా అడిగాడు. సమాధానం ఒక్క మాట. కానీ నా ఉద్యోగం అప్పటికి ఖాయం కాలేదు. కల్పించానంటే ఈయన మా సంపాదకుడికి ఉత్తరం రాస్తాడు. నా బుద్ధి ఆ ఉత్తరం దాటి ముందుకు పోలేదు.

"ఆయన చెప్పినదాన్ని బట్టే రాశానండి," అన్నాను.

దర్జీ నా వైపు చూశాడు. కోపం లేదు. కొలత తప్పిన గుడ్డను చూసినట్టు కాసేపు చూశాడు. తరువాత అధికారి వైపు తిరిగి చేతులు జోడించాడు.

"ఔ సాబ్. ముసలోన్ని, ఏమన్ననో ఏమో. పిల్లగాడు ఇన్నదే రాసుంటడు."

అబద్ధం ఆడానన్నదానికంటే, నా అబద్ధాన్ని మోయడానికి ఆయన ముందుకు వచ్చినప్పుడు నాకు ప్రాణం లేచివచ్చిందన్నదే ఇప్పటికీ సిగ్గు. హమ్మయ్య అనుకున్నాను. అక్షరాలా ఆ మాటే అనుకున్నాను.

అధికారి ఫైలు మూశాడు. "వయసు చూసి కేసు లేకుండా వదిలేస్తున్నాను. సైన్యం బట్ట ఎత్తుకొచ్చినవాడికి మళ్లీ బ్యాండు బట్ట అప్పగించమంటే నేనెలా అప్పగించగలను, చెప్పండి?"

ఆయన మాటలో తప్పు లేదు. ఆయన ముందు పెట్టిన కాగితం ప్రకారం అదే న్యాయం.

ఇద్దరం మెట్లు దిగాం. మోకాళ్ల నొప్పికి దర్జీ ఒక్కో మెట్టూ ఆగి దిగుతున్నాడు. "కాకా..." అన్నాను.

"నౌకరి ఇంక పక్కా కాలే గదా నీది?" అని అడిగాడు.

"కాలేదు."

"గదే అనుకున్న."

గేటు దగ్గర నీడలో నిలబడి తలపాగా విప్పి ముఖం తుడుచుకున్నాడు. "పో బిడ్డా. నీ పేపర్ దఫ్తర్‌కు టైమైతున్నది."

లోపలికి తిరిగి వెళ్లడానికి ఇరవై మెట్లు కూడా లేవు. అధికారి ఇంకా కుర్చీలోనే ఉంటాడు. ఫైలు బల్ల మీదే ఉంటుంది. ఇవన్నీ నాకు తోచాయి. తోచాక కూడా నేను ఆబిడ్స్ వైపు నడిచాను. సమయానికే చేరుకున్నాను.