ఉనైసి అడగవచ్చిన మాట

రాకిరాకి దారిలో వాన పట్టుకుంది. బస్సు కిటికీలకు అద్దాలు లేవు. అందరం టార్పాలిన్ పరదాలు దించేశాం. ఆ మసకలో నా పక్క సీటావిడ ఒళ్లో సంచిని గట్టిగా పట్టుకుని కూర్చుంది. సంచిలోంచి యంగోనా వేళ్ళ కట్ట పైకి పొడుచుకొచ్చింది. దంచి నీళ్ళలో కలిపి అందరూ తాగడానికి, పనిమీద పరాయి ఊరు వెళ్ళేవాళ్ళు పెద్దల ముందు పెట్టే కట్ట అది. దాని కింద కాగితాలు. వేళ్ళూ కాగితాలూ కలిసి ప్రయాణం చేస్తున్నాయంటే ఎవరిదో నేల చేతులు మారబోతోందని ఈ దీవుల్లో తిరిగిన ముప్ఫయ్యేళ్ళూ నాకు నేర్పాయి.

"భూమి కొలతలకా అమ్మా?"

"కాదు తాతా, లైబ్రరీ పని."

"లైబ్రరీ వాళ్ళు బస్సెక్కి వస్తారా? పుస్తకం తిరిగివ్వని వాణ్ణి పట్టుకుపోవడానికా?"

ఆవిడ నవ్వలేదు. "తిరిగివ్వాల్సింది మేమేనేమో."

అనుమానం పెనుభూతం అన్నారు. నా ఊరొచ్చినా నేను దిగలేదు.

పేరు ఉనైసి. కొబ్బరి ఎండబెట్టి బతికే ఇంటి పిల్ల. సువాలో ఒక విశ్వవిద్యాలయ గ్రంథాలయంలో పంతొమ్మిదేళ్ళ కొలువు. ఈ దీవుల గురించి ఈ దీవులవాళ్ళే రాసిన వ్యాసాలు పరాయి పత్రికల్లో చేరితే, చదవడానికి మళ్ళీ మనమే సొమ్ము కట్టాలి. అదీ ఆవిడ కడుపుమంట. ప్రొఫెసర్ల గదుల ముందు కాపు కాసి, రాతప్రతులు అడిగి తెచ్చి, ఎవరైనా ఉచితంగా చదువుకునేలా గ్రంథాలయం వెబ్‌సైటులో పెడుతుంది. "నన్ను చూస్తే వెనక మెట్ల మీంచి పారిపోతారు" అంది.

అలాంటి మనిషి ఆ రోజు ఒక పేజీని ఎవరికీ కనబడకుండా మూయాలా అని ఒక సముద్రపు ఒడ్డు ఊరిని అడగడానికి వస్తోంది. సైమోనె అనే పరిశోధకుడు ఆ ఊరి పగడపు దిబ్బ మీద సిద్ధాంతగ్రంథం రాశాడు. కవకవ చేపలు ఏటా గుంపుగా చేరి గుడ్లు పెట్టే చోటుకు అందులో పటం ఉంది. ఆ సాయంత్రం ఐదింటికే అది వెబ్‌సైటులో లోకానికంతటికీ తెరుచుకుంటుంది. ఊరి అనుమతి గురించి ఒకటే వాక్యం: 'యంగోనా దగ్గర పెద్దాయన నోటిమాటగా ఒప్పుకున్నారు.'

"ఆ వాక్యం నాకు మింగుడుపడలేదు తాతా. కానీ ఉత్త అనుమానంతో ఒకరి చదువుకి తాళం వెయ్యలేను. ఊరి మాట కావాలి."

ఆవిడ వెంట నేనూ వెళ్ళాను. ఊళ్ళో పెద్దాయన టుకానా కట్ట అందుకున్నాడు. ఆచారం ప్రకారం చప్పట్లయ్యాయి, యంగోనా నింపిన కొబ్బరిచిప్పలు తిరిగాయి. ఆయన చూపు మాత్రం సంచి మీదే ఉంది.

"ఎవరు పంపారే పిల్లా నిన్ను?"

"ఎవరూ పంపలేదు పెదనాన్నా. సెలవు పెట్టి వచ్చాను."

"సెలవు పెట్టి మరీ వచ్చిందంటే పెద్ద దొంగతనమే" అంది గుమ్మం దగ్గర చాప అల్లుతున్న ఆయన చెల్లెలు అటెలైని.

"మీ దిబ్బ గురించి రాయొచ్చా అని సైమోనె అడిగాడా?"

టుకానా పగలబడి నవ్వాడు. "అడిగాడు. 'తీసుకుపోరా దొంగవెధవా, దాంతోపాటు నా చెల్లెల్నీ తీసుకుపో' అన్నాను."

"మధ్యలో నన్నెందుకు లాగుతావ్?"

సైమోనె దీవికీ ఈ ఊరికీ మూలదేవుళ్ళు చుట్టాలు. ఒకరినొకరు ఎంత మాటైనా అనుకోవచ్చు, కోపం రాకూడదు. కోడిని పట్టుకుపోయినా నవ్వాల్సిందే.

"అది ఒప్పుకోలా, వేళాకోళమా?"

"ఆ దీవివాళ్ళతో నిజం మాటలెవరు మాట్లాడతారే!"

ఉనైసి పటం తీసి చాప మీద పరిచింది. టుకానా వేలు దిబ్బ అంచు వెంబడి నడిచి ఒకచోట ఆగింది. నవ్వు పోయింది.

"మా నాన్న నన్ను పడవలో తీసుకెళ్ళి చూపించిన చోటు. ఈటెలతో చేపలు పొడిచేవాళ్ళు చూశారంటే రెండు రాత్రుల్లో ఊడ్చేస్తారు. ఎంతమంది చూశారు?"

"ముగ్గురు పరీక్షకులు, సైమోనె, నేను."

"నువ్వూ చూశావుగా! నిన్నెందుకు నమ్మాలి?"

"నమ్మకండి. పటం పేజీ ఒక్కటే మూస్తాను. మిగతాది మీ పిల్లలు చదువుకోవడానికి తెరిచే ఉంటుంది."

"మూసి, చాటుగా అమ్ముకోదని ఏముంది?" అంది అటెలైని.

ఉనైసి గడియారం చూసుకుంది. నాలుగున్నర. "మూయమంటారా, వద్దా? ఈసారి వేళాకోళం వద్దు పెదనాన్నా."

టుకానా చిప్ప ఖాళీ చేశాడు. నన్ను చూశాడు, సంచిని చూశాడు, చివరికి ఆవిణ్ణి చూశాడు.

"మూసెయ్."

"ఐదులోపు లైబ్రరీకి చెప్పాలి. ఇక్కడ ఫోను ఎక్కడ పలుకుతుంది?"

"చర్చి వెనక, కొండ మీద. అరగంట నడక."

గిన్నెలో యంగోనా ఇంకా సగముంది. పెద్దల దగ్గర సెలవు తీసుకోకుండా లేవడం ఎంత తప్పో ఆవిడకి తెలుసు. అయినా లేచింది. సంచి అక్కడే వదిలేసి, ఫోను గుడ్డలో చుట్టుకుని వానలోకి దిగింది.

"చూశావా అన్నయ్యా, పని కాగానే ఎలా పోతోందో! ఒక్క మాట చెప్పిందా?"

టుకానా పటం మడిచి మోకాలి కింద పెట్టుకున్నాడు. కొండదారిలో ఆవిడ పరుగులాంటి నడకతో వెళ్తోంది. వెనక్కి తిరగలేదు.